టైరు మార్చానా, మార్చుకున్నానా, మార్పించానా?

సందేహం: మోటార్‌సైకిల్ టైర్లు ఇంట్లోనే మార్చి, చక్రం బ్యాలెన్స్ చేసుకోవడం నేర్చుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో ఒక వివరణ రాస్తున్నాను. ‘నా బండి టైరు మార్చుకున్నాను’ అని మొదలుపెడితే, ‘మార్చాను అంటే చాలు, మార్చుకున్నాను అంటే వేరే ఎవరో మార్చినట్టుంది’ అని మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. ఏది సరి? ఈ వాక్యం ఎలా ఉందో కూడా చెప్పండి: ‘బీడ్‌ను పగలగొట్టి, పాత టైరును రిమూవ్ చేసి, కొత్త టైరును ఇన్‌స్టాల్ చేసి, టైరును సమతుల్యం చేయవలెను.’ చివరగా, ‘పంక్చర్ వేయించాను’ అనడం తప్పు కాదా? అది పడేది కదా, మనం వేయించేదేమిటి?

సమాధానం: మీ మిత్రుడి మాటలో సగం నిజం ఉంది. ‘టైరు మారింది’ అంటే మార్పు జరిగిందనే తెలుస్తుంది, ఎవరు చేశారో తెలియదు. ‘మార్చాను’ అంటే చేసింది నేను. ‘మార్పించాను’ అంటే పని ఇంకొకరిది, పురమాయింపు నాది. చివరి రెంటికీ ‘కొను’ చేర్చుకోవచ్చు. అది చేరగానే ఆ పని ఫలం కర్తకే దక్కిందన్న అర్థం వస్తుంది. ‘టైరు మార్చాను’ అంటే అది ఎవరి బండిదైనా కావచ్చు. ‘టైరు మార్చుకున్నాను’ అంటే నా బండిదే. జుట్టు దువ్వుకున్నాం, చొక్కా తొడుక్కున్నాం అన్నట్టే, సొంత బండికి సొంత అవసరం కోసం చేసిన పనికి ‘మార్చుకున్నాను’ అనడమే తెలుగు తీరు.

చిక్కెక్కడంటే, ‘కొను’ ఫలం ఎవరిదో చెబుతుంది గానీ చెయ్యి ఎవరిదో చెప్పదు. ‘నిన్ననే జుట్టు కత్తిరించుకున్నాను’ అన్న మనిషి కత్తెర ముట్టుకుని ఉండకపోవచ్చు. ‘ఇల్లు కట్టుకున్నారు’ అంటే ఆ ఇంటివాళ్లు తాపీ పట్టారని ఎవరూ అనుకోరు. కాబట్టి మీ వాక్యం విన్నవాళ్లు షాపులో మార్పించుకున్నారేమో అనుకుంటే అది వాళ్ల తప్పు కాదు. అందుకని ‘కొను’ను తీసెయ్యనక్కర్లేదు, కర్త మీద బరువు వేస్తే సరిపోతుంది. ‘నా బండి టైరు నేనే మార్చుకున్నాను.’ ఆ ఒక్క ఏకారంతో సందేహం పోతుంది. ‘స్వయంగా’ అన్నా మంచిదే. ‘నా అంతట నేనే’ అంటే మాత్రం ఎవరూ చెప్పకుండా అనే అర్థం ముందుకొస్తుంది. ‘చేతులారా’ అనే మాట ప్రేమకో పశ్చాత్తాపానికో బాగుంటుంది. చేతులారా వండిపెట్టారు అంటాం, చేతులారా చెడగొట్టుకున్నాడు అంటాం. టైరు పనికి అంత ఉద్వేగం అక్కర్లేదు. బహువచనంలో ఇంకో జాగ్రత్త కావాలి. ‘మేమిద్దరం టైర్లు మార్చుకున్నాం’ అంటే ఒకరివి ఒకరు తీసుకున్నారనే అర్థం కూడా వస్తుంది.

ఇక మీరు రాసిన వాక్యం. అందులో నాకు భయం కలిగించిన మాట ‘పగలగొట్టి’. టైరు రెండు అంచుల్లోనూ ఉక్కు తీగలు చుట్టగా ఉంటాయి. ఆ అంచునే బీడ్ అంటారు. గాలి ఒత్తిడికి అది రిమ్ము అంచును గట్టిగా ఆనుకుని కూర్చుంటుంది. చాలాకాలం అలాగే ఉండి అతుక్కుపోతుంది. దాన్ని అక్కడి నుంచి కదిలించి రిమ్ము నడుమ వైపు నెట్టడమే మీరు చెప్పదలుచుకున్న పని. ఇంగ్లీషులో దానికి బ్రేక్ అనే మాట వాడతారని మీరు పగలగొట్టమన్నారు. తెలుగులో దేన్నైనా పగలగొట్టాక అది ముక్కలవుతుంది. మీ వివరణ చదివిన కుర్రాడు సుత్తి తీసుకుని ఆ అంచును కొట్టాడనుకోండి, లోపలి తీగ వంగినా తెగినా ఆ టైరు పారేయాల్సిందే. ఇక్కడ సరైన క్రియ ‘వదిలించు’. తుప్పు వదిలిస్తాం, మురికి వదిలిస్తాం, పట్టు వదిలిస్తాం. గట్టిగా పట్టుకున్నదాన్ని దెబ్బతినకుండా విడిపించడం ఆ మాటలోనే ఉంది. ‘టైరు అంచును రిమ్ము నుంచి వదిలించండి’ అని రాయండి.

బీడ్ అన్న పేరును అలాగే ఉంచుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. టైరు, రిమ్ము, వాల్వు, లివర్, ట్యూబు కూడా అంతే. గాలి టైరుకు జాన్ బాయ్డ్ డన్‌లప్ పేటెంటు పొందింది 1888లో. వస్తువు వచ్చినప్పుడు పేరూ దానితోనే వచ్చింది, వచ్చి మన ఉకారం తగిలించుకుంది. టైర్లు, టైరుకు, రిమ్ములో అంటూ మన విభక్తులకు లొంగింది. మనకు ముందునుంచీ ఉన్న మాటలను మాత్రం వదులుకోవద్దు. యాక్సిల్ అనేకంటే ఇరుసు అనడం తేలిక, అది ఎడ్లబండి కాలం నుంచి ఉన్నది. ఇరుసుకు పూసే జిడ్డుకు ‘కందెన’ అన్న మంచి మాట ఉంది. గ్రీజు అన్నా అందరికీ తెలుస్తుంది, మీ ఇష్టం.

పేరు ఏ భాష నుంచి వచ్చినా, క్రియ దగ్గర రాజీ పడకండి. రిమూవ్ చేయండి, ఇన్‌స్టాల్ చేయండి అన్నప్పుడు చెయ్యి ఎటు కదలాలో చదివేవాడికి తెలియదు. ‘తీయండి’ అని తెలుగు చేసినంత మాత్రాన కూడా సరిపోదు. గాలి తీయండి, నట్టు తీయండి, ఇరుసు తీయండి, టైరు తీయండి అంటూ పోతే నాలుగు వేర్వేరు పనులూ ఒకేలా కనిపిస్తాయి. గాలిని వదలాలి. నట్టును విప్పాలి. ఇరుసును లాగాలి. టైరును రిమ్ము నుంచి ఊడదీయాలి. ఈ క్రియలు సరిగ్గా పడితే బొమ్మ లేకపోయినా పని అర్థమవుతుంది.

‘ఇన్‌స్టాల్’ దగ్గర నన్నడిగితే ‘తొడగండి’ కంటే ‘ఎక్కించండి’ మేలు. తొడిగేది సులువుగా జారుతుంది. టైరు అంచు అలా జారదు. దాని చుట్టుకొలత రిమ్ము అంచు చుట్టుకొలత కంటే తక్కువ, లోపల ఉన్న ఉక్కు తీగేమో సాగదు. అందుకే రిమ్ము నడుమన పల్లం ఉంటుంది. లివర్‌తో, అంటే టైరు అంచును లేపే చదునైన కడ్డీతో, ఒకవైపు అంచును పైకి ఎత్తుతున్నంతసేపూ, దానికి ఎదురుగా ఉన్న అంచును ఆ పల్లంలోకి నొక్కిపట్టి ఉంచాలి. అప్పుడే ఇటువైపు కాస్త వదులు దొరుకుతుంది. అంచులకు సబ్బు నీళ్లు పూసి, లివర్‌తో ఒకేసారి ఎక్కువ దూరం లేపకుండా కొంచెం కొంచెంగా ఎక్కించుకుంటూ పోవాలి. లివర్ మీద బలం విపరీతంగా పెట్టాల్సి వస్తోందంటే, ఎదుటి అంచు పల్లంలోంచి పైకి వచ్చేసిందని గుర్తు. మీ వివరణలో ఈ ‘నొక్కిపట్టి’ అన్న మాట తప్పకుండా ఉండాలి. ‘నొక్కి’ అంటే ఒకసారి నొక్కి వదిలేయవచ్చు, ‘పట్టి’ చేరితేనే వదలకూడదని తెలుస్తుంది.

ఇంకో సంగతి. మాటల్లో మనం చక్రం మొత్తాన్నీ టైరు అనేస్తాం. ‘వెనక టైరు ఊడింది’ అంటే తరచు చక్రమే. మాటల్లో ఫరవాలేదు గానీ పని నేర్పే రాతలో అలా కుదరదు. ‘టైరు విప్పి పక్కన పెట్టండి’ అంటే ఇరుసు లాగి చక్రం దించాలా, రిమ్ము నుంచి రబ్బరు ఊడదీయాలా? రిమ్ము, టైరు కలిసి ఉన్నప్పుడు చక్రం అనండి, విడిగా ఉన్నప్పుడే టైరు అనండి. అలాగే ‘గట్టిగా బిగించండి’ అన్న మాటను మానేయండి. గట్టితనం మనిషికో రకంగా ఉంటుంది. ఇరుసు నట్టును బండి మాన్యువల్‌లో ఎన్ని న్యూటన్ మీటర్లని రాసి ఉంటే, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో అంతకు బిగించమని రాయండి.

బ్యాలెన్స్ విషయానికి వద్దాం. ‘సమతుల్యం’ విశేషణం. సమతుల్య ఆహారం అంటాం కదా, అలాంటిది. నామవాచకంగా కావాలంటే సమతుల్యత, సమతౌల్యం అన్న రూపాలున్నాయి. అవి తప్పు కాకపోయినా, నూనె చేతులతో చదివేవాళ్లకు ఎందుకంత బరువు? మనకు ‘తూకం’ ఉంది. మీరు రాసినట్టు అది టైరు తూకం కూడా కాదు. టైరు, రిమ్ము, వాల్వు అన్నీ కలిసిన చక్రం తూకం. ఇందులో రెండు పనులున్నాయి, రెంటికీ రెండు క్రియలున్నాయి. ముందు తూకం సరిచూడాలి, తేడా ఉంటే సరిచేయాలి. ‘సరిపెట్టు’ మాత్రం వద్దు, అది ఉన్నదానితో సర్దుకోవడం.

సరిచూడడానికి ఇంట్లో పెద్ద యంత్రం అక్కర్లేదు. చక్రంలోంచి ఒక కడ్డీ దూర్చి, సమంగా ఉన్న రెండు ఆధారాల మీద నిలిపి, చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనివ్వాలి. ఎక్కడ బరువు ఎక్కువగా ఉందో ఆ చోటు నెమ్మదిగా కిందికి వచ్చి ఆగుతుంది. దీన్ని చెప్పడానికి ‘మొగ్గు’ కంటే మంచి క్రియ నాకు తోచదు. చక్రం ఒకవైపు మొగ్గుతోంది అనండి. కింద ఆగిన చోటుకు సరిగ్గా ఎదురుగా, అంటే పైన, రిమ్మును శుభ్రంగా తుడిచి చిన్న బరువు అంటించాలి. ఐదేసి, పదేసి గ్రాముల బిళ్లలుగా ఇవి దొరుకుతాయి. తర్వాత చక్రాన్ని పావు వంతు తిప్పి వదిలి చూడాలి. ఎక్కడ ఆపితే అక్కడే కదలకుండా నిలిచిందంటే తూకం కుదిరినట్టు. ఇక్కడ ‘కుదిరింది’ అన్నది అందమైన మాట, వాడుకోండి. ఇన్ని గ్రాముల కోసం ఇంత తంటా దేనికని ఎవరైనా అడిగితే, వేగం రెట్టింపయితే ఆ తేడా వల్ల పుట్టే లాగుడు నాలుగింతలవుతుందని రాయండి. హ్యాండిల్‌లో వణుకు వచ్చేది దానివల్లే.

ఆ అంటించే బరువుకు పేరు కావాలంటే ‘పాసంగం’ అన్న పాత మాటను మీ ముందు పెడతాను. ఖాళీ తక్కెడే ఒకవైపు మొగ్గి ఉంటే పాసంగం ఉందంటారు, దాన్ని పోగొట్టడానికి రెండోవైపు చిన్న బరువు కడతారు. చక్రం దగ్గర మీరు చేసేదీ అదే. అయితే ఈ తరం వాళ్లలో చాలామందికి ఈ మాట తెలియదు. మొదటిసారి వాడిన చోట ఒక వాక్యంలో వివరించి, ఆ తర్వాత ధైర్యంగా వాడుకోండి. అది మళ్లీ చలామణిలోకి వస్తే నాకు చాలా సంతోషం.

‘చేయవలెను’ ఎందుకు? ‘చేయాలి’ చాలు. మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘గాలి పూర్తిగా వదిలి, టైరు అంచులను రిమ్ము నుంచి వదిలించి, పాత టైరును ఊడదీయాలి. పక్క మీద ఉన్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండేలా చూసుకుని కొత్త టైరు ఎక్కించాలి. గాలి కొట్టి, అంచు చుట్టూ ఒకే తీరుగా కూర్చుందని చూసుకున్నాక, చక్రం తూకం సరిచేయాలి.’

గాలి కొట్టడమన్నది పంపు కొట్టడం నుంచి వచ్చిన వాడుక. ఇప్పుడు యంత్రంతో నింపినా గాలి కొట్టడమే అంటున్నాం, నిక్షేపంగా అనవచ్చు.

చివరిది పంక్చర్. పడినప్పుడు అది చిల్లు. వేయించినప్పుడు ఆ చిల్లు మీద అతికే ముక్క. మాసిక వేయడం, అతుకు వేయడం అనే పాత వాడుక అచ్చులో ఈ కొత్త మాట ఒదిగిపోయింది. అందుకే ‘పంక్చర్ పడింది, పంక్చర్ వేయించాను’ అని ఒకే ఊపులో అన్నా ఎవరికీ తికమక కలగదు. వాడుకలో స్థిరపడిన ప్రయోగం, తప్పనడానికి వీల్లేదు. మీరే ఇంట్లో అతికించుకుని ఉంటే మాత్రం ‘పంక్చర్ నేనే వేసుకున్నాను’ అని రాయండి.