వానొస్తే పికప్ క్యాబిన్‌లో నీళ్లు నిలుస్తున్నాయి, సిలికాన్ పెట్టించినా ఆగలేదు. ఏం చేయాలి?

వాన పడ్డప్పుడల్లా ఎడమ సీటు కాళ్ల దగ్గర నీళ్లు చేరుతున్నాయని, ముందు అద్దం చుట్టూ రెండుసార్లు సిలికాన్ పెట్టించినా తగ్గలేదని అడిగారు. దయచేసి మూడోసారి పెట్టించకండి. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోండి. కారిన చోటుకీ, లోపలికి దూరిన చోటుకీ చాలాసార్లు సంబంధం ఉండదు. రేకు లోపలి అంచుల వెంట పాకి, ఎక్కడో దూరంగా చుక్క పడుతుంది.

మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటాలు మార్కెట్‌కు తోలడానికి పికప్ పెట్టుకున్నాం. మా వైపు అక్టోబర్, నవంబర్‌లలో తుఫాను పట్టిందంటే రెండు మూడు రోజులు ముసురు వదలదు. అలాంటి ఒక ముసురులో మ్యాట్ ఎత్తి చూస్తే కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. టింకరింగ్ షాపులో చూపిస్తే అద్దం దగ్గరే లీకని సిలికాన్ పూశారు. మళ్లీ వాన, మళ్లీ నీళ్లు. ఇంకోసారి పూశారు. అదీ అంతే.

అసలు కారణం మా ఇంటి ముందు చింతచెట్టు. రోజూ రాత్రి బండి దాని కిందే పెడతాం. వైపర్ల కింద ఒక నల్లటి ప్లాస్టిక్ జాలి ఉంటుంది కదా, అద్దం మీద నుంచి జారిన నీళ్లన్నీ దానిలోంచి ఒక రేకు తొట్టిలోకి దిగి, రెండు చివర్లా ఉన్న రంధ్రాల గుండా చక్రాల వెనక నేల మీదకు పోవాలి. చింతాకు సన్నగా ఉంటుంది కాబట్టి జాలిలో సులువుగా దూరిపోతుంది. లోపల పడి, కుళ్లి, దుమ్ముతో కలిసి బురదై ఆ రంధ్రాలను మూసేసింది. ఇక తొట్టి నిండుతుంది. బ్లోయర్‌కు బయటి గాలి వెళ్లే నోరు కూడా ఆ తొట్టిలోనే ఉంటుంది. నీళ్లు దాని అంచు దాటాయంటే బ్లోయర్ డబ్బాలోకి, అక్కడి నుంచి ఎడమ సీటు కాళ్ల దగ్గరకు వస్తాయి. మీరు చెప్పిన చోటు కూడా అదే కాబట్టి ముందు ఇదే చూడమంటున్నాను. బ్లోయర్ వేయగానే గాలి ముక్క వాసన కొడుతున్నా, లోపల గలగలమని నీళ్ల చప్పుడు వస్తున్నా అనుమానం ఇంకా బలపడుతుంది.

వైపర్ చేతులు తీసి, క్లిప్పులు ఊడదీసి జాలి పైకెత్తాం. రెండు చేతుల నిండా నల్లటి బురద వచ్చింది. రంధ్రాల్లోకి మెత్తటి ప్లాస్టిక్ గొట్టం దూర్చి కదిపి, చెంబెడు నీళ్లు పోసి, కింద ధారగా పడుతున్నాయో లేదో చూశాం. గంట పని. పైసా ఖర్చు కాలేదు.

ఆ తొట్టి, రంధ్రాలు బాగున్నాయంటే పైపు పరీక్ష చేయండి. మ్యాట్ తీసేసి పాత న్యూస్‌పేపర్లు పరిచి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకొకరు మామూలు తోట పైపుతో బయట నుంచి నీళ్లు వదలాలి. ప్రెషర్ పంపు వద్దు, దాని ధాటికి మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూరతాయి. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా జారి, ఏ చోటు లీకో తెలియదు.

మా బండికి రెండో లీకు ఇలాగే దొరికింది. డోరులోకి వాననీళ్లు దిగడం మామూలే, అవి అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. డోరు లోపలి ప్యానెల్ వెనక అతికించిన పాలిథిన్ షీటు వాటిని క్యాబిన్‌లోకి రానివ్వదు. స్పీకర్లు బిగించినప్పుడు దాన్ని చింపి అలాగే వదిలేశారు. కొత్త షీటు కోసి బ్యుటైల్ టేపుతో (మెత్తగా, జిగటగా ఉండే రబ్బరు టేపు) అంటించాను, ఆగిపోయింది. డోరు రబ్బరు అనుమానంగా ఉంటే పది రూపాయల నోటు మధ్యలో పెట్టి డోరు మూసి లాగండి. ఎక్కడ వదులుగా జారితే అక్కడ రబ్బరు పట్టడం లేదు. టాప్ మీద క్యారియర్‌కో, లైట్లకో రంధ్రాలు కొట్టించి ఉంటే ఆ బోల్టులు కూడా చూడండి.

వాన లేని రోజు కూడా ఏసీ వేస్తే తడుస్తోందంటే అది వాననీరు కాదు, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది.

ఇక సిలికాన్ సంగతి. పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం రేకు మీద తుప్పు తెస్తుంది. దాని మీద ఇంకేదీ సరిగా అంటదు, పెయింటు కూడా. అద్దమే కారుతోందని పరీక్షలో తేలితే, పై పూతతో సరిపెట్టవద్దు. అంటించిన అద్దమైతే మొత్తం తీయించి, పాత సిలికాన్ గీకించి, తుప్పు పోగొట్టి, ప్రైమర్ వేసి, పీయూ సీలెంట్‌తో (బండి అద్దాలు అంటించే పాలీయురేథేన్ జిగురు) మళ్లీ పెట్టించండి. అది గట్టిపడేదాకా, వాళ్లు చెప్పినంతసేపు, బండి కదపకండి. పాత మోడళ్లలో అద్దం రబ్బరు బీడింగ్‌లో కూర్చుంటుంది, అది ఎండి పగిలితే బీడింగ్ మార్చాల్సిందే.

లీకు ఆగాక కూడా మ్యాట్ వెంటనే వేయకండి. దాని కింద ఉండే ఫెల్ట్, అంటే మందపాటి మెత్తటి పొర, స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, పైన ఆరినట్టే కనిపిస్తుంది. మాది మూడు రోజులు ఎండలో పెట్టాల్సి వచ్చింది. అప్పటికే నేల రేకు మీద చేతి వెడల్పున తుప్పు లేచింది, గీకి ప్రైమర్ కొట్టాం. వైర్ల కనెక్టర్లు తడిసి ఉంటే బ్యాటరీ వైరు తీసేసి, వాటిని విప్పి ఆరబెట్టండి.

పరీక్షలో నీళ్లు ఏ చోట కనబడ్డాయో కింద రాయండి. డోరే అయితే షీటు ఎలా కోసి అతికించాలో వివరంగా చెప్తాను.