పదహారేళ్ల అబ్బాయి, స్టేషన్ డైరీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు నిండాయి. వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి ఇంటి పట్టున ఉండడం లేదు, ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలోనే మానేశాడు. గత నెలలో ఇద్దరు స్నేహితులతో కలిసి రోడ్డు పక్కన ఆపి ఉన్న బైకు తీసుకుని ఊళ్లన్నీ తిరిగి, పెట్రోలు అయిపోయాక చెరువుకట్ట మీద వదిలేసి వచ్చాడు. పోలీసులు పిలిపించి వివరాలు రాసుకున్నారు. ఎఫ్ఐఆర్ అయితే జన్మలో ప్రభుత్వ ఉద్యోగం రాదని, కొంత సొమ్ము ఇస్తే పేరు తీయిస్తానని మాకు తెలిసిన ఒకాయన చెబుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఆ సొమ్ము ఎవరికీ ఇవ్వకండి. ఆయన దేనిని చూపించి మిమ్మల్ని భయపెడుతున్నారో, అది చాలా సందర్భాల్లో చట్టమే వద్దన్న పని. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. పిల్లల మేలుకో సమాజం మేలుకో తప్పనిసరి అయితే తప్ప, విచారణల దాకా పోకుండా విషయాన్ని వేరే దారిలో చక్కబెట్టాలన్నది ఆ చట్టం మొదట్లోనే రాసుకున్న సూత్రాల్లో ఒకటి. దాని కింద వచ్చిన 2016 ఆదర్శ (మోడల్) నియమాలు దీన్ని ఇంకా సూటిగా చెప్పాయి. పెద్దవాళ్లు చేస్తే కనీస శిక్షే ఏడేళ్లు, అంతకుమించి ఉండే ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయకూడదు. మిగిలిన వాటిలో బాలల సంక్షేమ పోలీసు అధికారి విషయాన్ని స్టేషన్ జనరల్ డైరీలో, అంటే రోజువారీ సంగతులు రాసే పుస్తకంలో రాసి, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదికను జత చేసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. బోర్డు ముందుకు ఎప్పుడు రావాలో తల్లిదండ్రులకు తెలియజేస్తారు. మామూలు దొంగతనానికి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి మీ అబ్బాయి వ్యవహారం చిన్న నేరాల కోవలోకే వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని మీరే తేల్చుకోవాలి. ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒక్కరికైనా పద్దెనిమిదేళ్లు దాటి ఉంటే ఎఫ్ఐఆర్ కావచ్చు. అప్పుడు కూడా మీ అబ్బాయి విషయం బోర్డుకే వెళ్తుంది తప్ప, ఆ పెద్దవాడితో పాటు మామూలు కోర్టుకు వెళ్లదు. వయసు విషయంలో బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రానికి, పదో తరగతి మెమోకు చట్టం మొదటి స్థానం ఇచ్చింది. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం చూస్తారు, అదీ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆధార్ కార్డు ఈ వరుసలో లేదు. కాబట్టి స్టేషన్‌కు వెళ్లేటప్పుడు పదో తరగతి మెమో తీసుకువెళ్లండి.

స్టేషన్‌లో అబ్బాయితో మాట్లాడేటప్పుడు పక్కన ఉండాలని మీరు అడగవచ్చు. అతన్ని లాకప్‌లో ఉంచకూడదు, బేడీలు వేయకూడదు, ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయించుకోకూడదు. పిల్లలకు న్యాయ సహాయం ఉచితం, దానికి ఆదాయ పరిమితి కూడా లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు.

బోర్డు అంటే సినిమాల్లో చూసే బోను, ఎత్తయిన వేదిక కాదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. నియమాల ప్రకారం సభ్యులు ఎత్తు మీద కూర్చోకూడదు, సాక్షుల బోను ఉండకూడదు, బోర్డు మామూలు కోర్టు ఆవరణలో నడవకూడదు. అన్ని జిల్లాల్లోనూ ఇది అచ్చంగా ఇలాగే అమలవుతోందని నేను అనను. కానీ మీరు ఊహించుకుని వణికిపోతున్న దృశ్యం మాత్రం కాదది. నేరం చేసినట్టు తేలినా మందలించి ఇంటికి పంపడం, తల్లికీ బిడ్డకీ కౌన్సెలింగ్ ఇప్పించడం, పార్కు పనో ఆసుపత్రిలో సాయమో వంటి సమాజ సేవ చేయించడం, ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడిక షరతుతో మీ సంరక్షణలోనే ఉంచడం బోర్డు చేతిలో ఉన్న మార్గాలు. చదువు కొనసాగించాలని, ఏదైనా పని నేర్చుకోవాలని కూడా ఆదేశించవచ్చు. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, పొడిగించినా మరో రెండు నెలలే. అప్పటికీ తేలకపోతే ఆ విచారణ అంతటితో ముగిసిపోయినట్టే.

ఈ మొత్తం వ్యవహారంలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన కాగితం ప్రొబేషన్ అధికారి రాసే సామాజిక పరిశోధన నివేదిక. అబ్బాయి చదువు ఎందుకు ఆగింది, ఇంట్లో ఎవరు సంపాదిస్తున్నారు, ఎవరితో తిరుగుతున్నాడు, మీరు అతన్ని చూసుకోగలరా అన్నవి అందులో ఉంటాయి. బోర్డు నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. చాలామంది తల్లిదండ్రులు ఆ అధికారి ఇంటికి వస్తే మా వాడు బంగారమని చెప్పి పంపేస్తారు. అలా చేయకండి. తండ్రి పోయాక వాడిలో వచ్చిన మార్పు, కాలేజీ మానేసిన రోజు జరిగినది, మీరు పనికి వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరన్న సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. వాడిని తిరిగి కాలేజీలో చేర్చడానికి మీరు ఏం చేయబోతున్నారో కూడా చెప్పండి. వీలైతే ఆ లోపలే చేర్చేయండి. ఆ సొమ్ము ఫీజుకు పెట్టినా కొంత మేలు.

ఇక ఉద్యోగం సంగతి. ఈ చట్టం కింద విచారణ ఎదుర్కొన్న పిల్లలకు, నేరం రుజువైన కారణంగా పెద్దవాళ్లకు వర్తించే అనర్హతలు వర్తించవు. గడువు తీరాక ఆ రికార్డులను నాశనం చేయించాలి కూడా. పదహారేళ్లు దాటినవారు ఘోరమైన నేరం చేసి బాలల కోర్టులో పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్న సందర్భం ఇందుకు మినహాయింపు, అది మీకు సంబంధించినది కాదు. కేంద్ర బలగంలో ఉద్యోగానికి ఎంపికైన ఒక యువకుడి కేసులో సుప్రీంకోర్టు 2019లో, మైనరుగా ఉన్నప్పటి ఆరోపణను చూపించి ఉద్యోగం నిరాకరించడం సరికాదని తేల్చింది.

ప్రశ్న: నేను హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. మా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు బడికని బయలుదేరి మిర్చి యార్డు వైపు వెళ్లిపోతున్నారు. సైకిల్ షాపులో దొరికే పంక్చరు సొల్యూషన్ గుడ్డలో పోసుకుని పీలుస్తున్నారని తోటి పిల్లలు చెబుతున్నారు. పోలీసులకు చెబితే వాళ్ల మీద ముద్ర పడుతుంది. చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.
— గుంటూరు జిల్లా

జవాబు: మాస్టారూ, ఇది పోలీసులతో మొదలుపెట్టవలసిన విషయం కాదు. మత్తుకు బానిసయ్యే ప్రమాదంలో ఉన్న పిల్లలను చట్టం నేరస్తులుగా కాక సంరక్షణ అవసరమైన పిల్లలుగా చూస్తుంది. వాళ్ల వ్యవహారం చూసేది జువెనైల్ బోర్డు కాదు, జిల్లాలోని బాలల సంక్షేమ సమితి.

దానికన్నా ముందు మీరు చేయగలిగినది ఒకటుంది. ఆ పిల్లల ఇళ్లకు సాయంత్రం పూట, తండ్రి కూలి నుంచి తిరిగి వచ్చాక వెళ్లండి. తల్లిదండ్రులను స్టాఫ్ రూముకు పిలిపించి పదిమంది ముందు చెబితే ఆ రాత్రి పిల్లవాడికి దెబ్బలు, మర్నాటి నుంచి బడికి గైర్హాజరు, అంతకుమించి ఏమీ జరగదు. ముగ్గురి ఇళ్లకూ విడివిడిగా వెళ్లండి, ఎందుకంటే ఒకడు మత్తు కోసం వెళ్తుండవచ్చు, ఇంకొకడు ఇంట్లో అప్పు తీర్చడానికి బస్తాల దగ్గర పనికి వెళ్తుండవచ్చు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

ఇంటివాళ్ల వల్ల కాదనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, లేదా జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు వెళ్లండి. అక్కడ చెబితే పిల్లల్ని తీసుకుపోయి హోంలో పడేస్తారన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. నిజానికి సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం మాత్రమేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. కౌన్సెలింగ్ ఏర్పాటు చేసి పిల్లవాణ్ణి తల్లిదండ్రుల దగ్గరే ఉంచమనే అధికారం సమితికి ఉంది, మీరు ఆ కోరికతోనే వెళ్లండి. మత్తు మాన్పించే సలహాకు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. మాట్లాడేటప్పుడు పిల్లవాడు కూడా పక్కన ఉంటే మంచిది.

మీ ప్రధానోపాధ్యాయుల వారికి ఒక మాట చెప్పండి. బడి నుంచి తీసేయకూడదన్న విద్యాహక్కు చట్టం రక్షణ ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. అందుకే తొమ్మిదో తరగతి పిల్లవాడికి టీసీ చేతిలో పెట్టి పంపేయడం బడికి చాలా సులువు, పది ఫలితాల శాతం కోసం ఆ పని చేసేవాళ్లూ ఉన్నారు. ఆ టీసీతో పిల్లవాడికి రోజులో మిగిలి ఉన్న ఒక్క కట్టుబాటూ పోతుంది. ఎంత ప్రయత్నించినా బడిలో నిలవకపోతే ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించే దారి చూపించండి, కానీ దాన్ని మొదటి దారిగా చూపించకండి.

పిల్లల వెనుక ఎవరైనా పెద్దవాడు ఉండి గంజాయి పొట్లాలు మోయిస్తున్నట్టు తెలిస్తే మాత్రం తప్పకుండా పోలీసులకు చెప్పండి. పిల్లలతో మత్తు పదార్థాలు మోయించినవాళ్లకు, అమ్మించినవాళ్లకు ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ప్రశ్న: మా అపార్టుమెంటులో పార్కింగ్‌లోని కార్ల అద్దాలు పగలగొట్టిన పిల్లవాడి సీసీ కెమెరా వీడియోను అందరి జాగ్రత్త కోసం వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా?
— అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: పెట్టకండి, ఇప్పటికే పెట్టి ఉంటే తీసేయండి. విచారణలో ఉన్న బాలుడి పేరు, చిరునామా, బడి, ఫొటో వంటి గుర్తింపు వివరాలు ఏ రూపంలో బయటపెట్టినా ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫుటేజీ పోలీసులు అడిగితే వాళ్లకు ఇవ్వండి. పిల్లవాడి తల్లిదండ్రులు మీ కాంప్లెక్సులోనే ఉంటే ముందు వాళ్లను పిలిచి అద్దాల ఖర్చు మాట్లాడుకోవడం అన్నిటికన్నా తక్కువ సమయం పట్టే పని.

ప్రశ్న: నా కూతురు చనిపోయింది, అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయాడు. పన్నెండేళ్ల మనవడు నా దగ్గరే ఉంటున్నాడు. నాకు వచ్చేది పింఛను ఒక్కటే. వాణ్ణి ఏదైనా హాస్టల్లో వేయమని అందరూ అంటున్నారు. నాకు ఇష్టం లేదు.
— ఒక అమ్మమ్మ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ వంటి కుటుంబాల కోసమే కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. పిల్లవాడు ఇల్లు వదలకుండా చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఊళ్లోని అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చెబుతారు. కూతురి మరణ ధ్రువపత్రం, మనవడి జనన ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం సిద్ధం చేసుకోండి. తండ్రి బతికి ఉన్నా పిల్లవాణ్ణి పట్టించుకోవడం లేదన్న సంగతిని దరఖాస్తులో వివరంగా రాయించండి, ఎందుకంటే విచారణకు వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే. దరఖాస్తు ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.