గ్రిన్నెల్ లాంటి చిన్న అమెరికన్ కాలేజీకి పిల్లను పంపవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీలో సీటు, దానితోపాటు కొంత ఆర్థిక సహాయం వచ్చాయి. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ సీటు కూడా మాట్లాడి పెట్టారు. చుట్టాల్లో ఎవరూ ఆ కాలేజీ పేరు వినలేదు కాబట్టి మీకు ధైర్యం చాలడం లేదు. నేను కొన్నేళ్ల క్రితం అక్కడే కంప్యూటర్ సైన్స్ చదివాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సహాయం పోను మిగిలే ఖర్చు మీ జీతంలోంచి, దాచుకున్న సొమ్ములోంచి సరిపోయేదైతే పంపండి. పొలం అమ్మాల్సి వస్తే వద్దు. పేరు తెలియకపోవడం మాత్రం లెక్కలోకి తీసుకోవలసిన సంగతే కాదు. మనకు తెలిసిన అమెరికా విశ్వవిద్యాలయాల పేర్లన్నీ ఎంఎస్‌కు వెళ్లిన పిల్లల నోట విన్నవే. గ్రిన్నెల్‌లో ఎంఎస్ లేదు, పీహెచ్‌డీ లేదు. ఉన్నదల్లా నాలుగేళ్ల డిగ్రీ, దాదాపు 1,700 మంది విద్యార్థులు. ఇక మన పెళ్లిళ్లలో ఆ పేరు ఎక్కడ వినబడుతుంది?

డబ్బు సంగతి. ఫీజు, గది, భోజనం కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది. అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ, అక్కడ పూర్తి మొత్తం కట్టి చదివేవాళ్లు కొద్దిమందే. కాలేజీకి 200 కోట్ల డాలర్లకు పైగా సొంత నిధి ఉంది. 1968లో కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీ పుట్టినప్పుడు తొలి పెట్టుబడి పెట్టినవాళ్లలో ఈ కాలేజీ ఒకటి. ఇంటెల్ స్థాపకుల్లో ఒకడైన రాబర్ట్ నాయిస్ ఇక్కడే చదివాడు, తర్వాత పాలకమండలిలో ఉన్నాడు. వారెన్ బఫెట్ కూడా చాలా ఏళ్లు ఆ మండలి సభ్యుడే. అమెరికా ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి సహాయానికి మన పిల్లలు అర్హులు కారు కాబట్టి, మీ అమ్మాయికి వచ్చేది కాలేజీ సొంత డబ్బే.

ఇది చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట. ఆమ్‌హర్స్ట్, బోడిన్ లాంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థికి ఎంత సహాయం అవసరమో పట్టించుకోకుండా ప్రవేశం నిర్ణయిస్తాయి. గ్రిన్నెల్ అలా కాదు, ఎంత అడుగుతున్నారో కూడా చూస్తుంది. అందుకని ఆస్తులు, ఆదాయం రాసే ఫారాలను ఎంత శ్రద్ధగా నింపితే అంత మంచిది. మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్ ఉపాధ్యాయుడు, జీతం సర్టిఫికెట్‌తో పని అయిపోయింది. చిక్కంతా తాతగారి నుంచి వచ్చిన రెండెకరాలతోనే వచ్చింది. రియల్ ఎస్టేట్ ధర ప్రకారం మేం కోటీశ్వరులం, చేతికొచ్చే కౌలు చూస్తే సంక్రాంతి ఖర్చుకు కూడా బొటాబొటి. ఆ తేడా వివరిస్తూ విడిగా ఒక పేజీ ఉత్తరం రాసి, పట్టాదారు పాసు పుస్తకం నకలు జత చేశాం. భూమి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం రాయడం మరచిపోకండి.

దరఖాస్తులో మన ఇంటర్ పిల్లలకు అసలు కష్టం సిఫారసు ఉత్తరాల దగ్గర వస్తుంది. నేను చదివిన ఇంటర్ కాలేజీలో కౌన్సెలర్ అంటే ఎంసెట్ కౌన్సెలింగ్ తేదీలు చెప్పే గుమాస్తా. ఫిజిక్స్ లెక్చరర్‌ను అడిగితే చురుకైన విద్యార్థి, నడవడి బాగుంది అని రెండు వాక్యాలు రాసి స్టాంపు వేసి ఇచ్చారు. టీసీకి సరిపోతుందది. నేను ఏ లెక్క దగ్గర తగువు పెట్టుకున్నానో, ల్యాబులో ఏం పాడుచేసి మళ్లీ బాగుచేశానో గుర్తుచేస్తే, అప్పుడాయన పేజీన్నర రాశారు. ఆ పేజీన్నర నా మార్కుల కంటే ఎక్కువ పనిచేసి ఉంటుందని నా నమ్మకం.

ఇక మీ చేతిలో ఉన్న ఆఫర్ లెటర్‌కు వద్దాం. అందులో సహాయం ఎంత అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఫీజు ఏటా పెరుగుతుంది. ఫీజుతోపాటు సహాయం కూడా పెరుగుతుందా, లేక ఆ అంకె నాలుగేళ్లూ కదలదా అన్నది అడిగి తెలుసుకోవాలి. కదలకపోతే పెరిగినదంతా మీ నెత్తినే పడుతుంది. పైగా రూపాయి. 2014లో డాలర్ అరవై రూపాయల చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు 85 దాటింది. రెండోది, ఎవరూ చెప్పనిది, పన్ను. స్కాలర్‌షిప్‌లో ఫీజుకు పోయే భాగం మీద పన్ను ఉండదు గానీ గదికి, భోజనానికి పోయే భాగాన్ని అమెరికా ఆదాయంగా లెక్కిస్తుంది, విదేశీ విద్యార్థి దగ్గర మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవచ్చు, కాబట్టి రిటర్ను వేస్తే చాలావరకు తిరిగి రావచ్చు. అయినా ఆ సమయానికి చేతిలో డబ్బు ఉండాలి కదా. క్యాంపస్‌లో పని దొరుకుతుంది, కానీ చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే అనుమతి. ఆ సంపాదన చేతిఖర్చులకు వస్తుంది, ఫీజుకు రాదు. భోజనశాలలో ప్లేట్లు కడిగి చదువుకుంటుందిలే అనే భరోసా ఎవరైనా ఇస్తే వినకండి.

చదువు మాత్రం అపురూపం. మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్ అనే ఒక్క తరగతి తప్ప కాలేజీ అంతటికీ తప్పనిసరి సబ్జెక్టు అంటూ మరొకటి లేదు. పన్నెండు పదమూడు మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు, ఆ పాఠం చెప్పే ప్రొఫెసరే మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, ఎంచుకునేదాకా మీ అమ్మాయికి సలహాదారు. మేజర్ రెండో ఏడాది చివరికి చెబితే చాలు. డిగ్రీకి 124 క్రెడిట్లు కావాలి. మేజర్‌కు కావలసినవి పోగా మిగిలిన వాటిలో ఏవి చదవాలో ఆ సలహాదారుతో కూర్చుని తేల్చుకోవడమే. నేను ఫిజిక్స్ పక్కన సంగీతం, గణితం పక్కన రష్యా చరిత్ర పెట్టుకున్నాను. ఎందుకు అని ఆయన అడిగారు, జవాబు చెప్పాను, సంతకం పెట్టారు.

అక్కడ వెనక బెంచీ ఉండదు. ఇది మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. మన ఇంటర్‌లో వందమందిలో కూర్చుని, నోరు విప్పకుండా, వారాంతపు పరీక్షలో మార్కులు తెచ్చుకుంటే మంచి విద్యార్థి. ట్యుటోరియల్‌లో మొదటి వారం నేను అలాగే కూర్చున్నాను. ప్రొఫెసర్ పుస్తకం మూసి, నా వైపు చూసి, ఈ రచయిత చెప్పింది నిజమంటావా అని అడిగారు. పుస్తకంలో ఉన్నదాన్ని ఒప్పచెప్పాను. అది చదివాను, నీ మాట చెప్పు అన్నారు. గది అంతా ఎదురుచూస్తోంది, మరొకరు అందుకోరు, గంట కొట్టదు. ఆ తర్వాత చెప్పడానికి నా మాట ఏదో ఒకటి ముందే ఆలోచించుకోకుండా ఏ తరగతికీ వెళ్లలేదు.

కంప్యూటర్ సైన్స్ మొదటి కోర్సు స్కీమ్ అనే భాషలో మొదలైంది. అన్నీ బ్రాకెట్లే. స్కూల్లోనే సీ, పైథాన్ నేర్చుకుని వచ్చినవాళ్లకూ అది కొత్తే కావడంతో, అంతకుముందు కంప్యూటర్ పెద్దగా ముట్టని నాలాంటివాళ్లకు ఊపిరి ఆడింది. ల్యాబులో ఇద్దరికి ఒక కంప్యూటర్. ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని ఎలా రాయాలో చెప్పాలి, కాసేపటికి మారాలి. నాకు తెలిసింది ఇంగ్లీషులో పైకి చెప్పలేక మొదట్లో నలిగిపోయాను. సాయంత్రం పూట పై తరగతి విద్యార్థులు వచ్చి సందేహాలు తీర్చేవారు. ఒక హెచ్చరిక: ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాయడం మన దగ్గర స్నేహధర్మం, అక్కడ పెద్ద నేరం. విమానం ఎక్కకముందే ఇది తలకెక్కాలి.

ప్రొఫెసర్ దగ్గర చనువు ఉంటే ఏమొస్తుందని మా బాబాయి అడిగారు. నాయిస్ కథే చెప్పాను. 1948లో ఇక్కడి ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్, ట్రాన్సిస్టర్ (రేడియో కాదు, నేటి చిప్‌లకు మూలమైన చిన్న పరికరం) వచ్చిన వార్త చూసి, దాన్ని కనిపెట్టిన బెల్ ల్యాబ్స్ నుంచి తెప్పించుకుని తన విద్యార్థులకు చూపించాడు. ఆ కొద్దిమందిలో నాయిస్ ఒకడు. అదే ఏడాది విందు కోసం దగ్గర్లోని పొలం నుంచి పందిపిల్లను ఎత్తుకొచ్చి ఒక సెమిస్టర్ సస్పెండ్ అయ్యింది కూడా ఆ నాయిసే. గేల్ అప్పుడు అతని పక్షాన నిలబడ్డాడు.

ఊరు సంగతి మీరు విని తీరాలి. జనాభా పదివేల లోపు, చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. డెమాయిన్ నగరం కారులో దాదాపు గంట. క్యాంపస్ మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి, గూడ్సు అడ్డం వస్తే పుస్తకాలు చంకన పెట్టుకుని అది వెళ్లేదాకా నిలబడాల్సిందే. జనవరిలో సున్నా కంటే ఇరవై డిగ్రీలు కిందికి పోయే రాత్రులుంటాయి. చలి కోటు ఇక్కడ కొనకండి, మన దగ్గర దొరికేది ఆ చలికి ఆనదు. హిందూ దేవాలయం మాడ్రిడ్ అనే చిన్న ఊళ్లో ఉంది, కారు ఉన్నవాళ్లు దయతలిస్తే వెళ్లాలి. పచ్చళ్లు పంపండి. వార్డెన్ ఉండరు, ఒకే హాస్టల్ భవనంలో అబ్బాయిలు, అమ్మాయిలు ఉంటారు, తమ గొడవలు తామే పరిష్కరించుకోవాలన్నది అక్కడి సంప్రదాయం. రాత్రి పదికి ఫోను తీసుకునే రెసిడెన్షియల్ కాలేజీ నుంచి నేరుగా ఇందులోకి దిగడం కొంతమందికి కష్టమవుతుంది. మీ అమ్మాయి ఎలాంటిదో మీకు తెలుసు.

చదువు అయ్యాక: డిగ్రీ బీఏ అని ఉంటుంది, కంప్యూటర్ సైన్స్‌కైనా అంతే. నా ఎంఎస్ దరఖాస్తుకు అది అడ్డు రాలేదు. కంప్యూటర్ సైన్స్ మేజర్‌కు ఓపీటీ, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు, దాని మీద 24 నెలల పొడిగింపు ఉంది, తర్వాత వీసా నిబంధనలు ఎలా మారతాయో వాటిమీద లెక్క కట్టకండి. పెద్ద విశ్వవిద్యాలయాలకు వచ్చినట్టు కంపెనీలు ఇంత చిన్న ఊరికి బారులు తీరి రావు. ఉద్యోగం కోసం తానే తిరగాలి, పూర్వ విద్యార్థులకు మెయిళ్లు రాయాలి. ఇంజినీరింగ్ డిగ్రీయే కావాలనుకుంటే ఇది ఆ కాలేజీ కాదు.

సాధారణంగా జవాబు ఇవ్వడానికి గడువు మే 1. ఈ వారమే సహాయ విభాగానికి మీ అమ్మాయి చేతే మెయిల్ రాయించండి: ఫీజు పెరిగితే సహాయం పెరుగుతుందా, అది కొనసాగడానికి ఎంత గ్రేడు ఉండాలి, ఇన్సూరెన్సు ఆ లెక్కలో ఉందా, శీతాకాలం సెలవుల్లో హాస్టల్‌లో ఉండనిస్తారా. వచ్చిన జవాబును కింద వ్యాఖ్యలో పెడితే, నాలుగేళ్లకు రూపాయల్లో ఎంతవుతుందో కలిసి లెక్క వేద్దాం.