ఎత్తబడేది ఎప్పుడైనా సరే, అమ్మాయి చదువు ఆపకండి

ప్రశ్న: వందనాలు సిస్టర్. మాది భీమవరం దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదువుతానంటోంది. ప్రభువు వచ్చి విశ్వాసుల్ని పైకి తీసుకుపోవటం, అంటే సంఘం ఎత్తబడటం, లోకాంతంలో వచ్చే శ్రమలకు ముందే జరుగుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. శ్రమల తర్వాతేనని మా బావమరిది వాళ్ల సంఘంలో చెబుతారు. మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా అయితే త్వరగా చేతికొస్తుందని అతని మాట. రోజులు చూస్తే దగ్గరపడ్డాయి. ఇప్పుడు నాలుగేళ్ల కోర్సుకి లోన్ తీసుకుంటే విశ్వాసం లేనట్టు అవుతుందా? ఏడాది బైబిల్ ట్రైనింగ్‌కి పంపి సేవలో పెట్టమంటారా? 2025 సెప్టెంబరులో ఎత్తబడతామని విని అమ్మాయిని రెండు వారాలు కాలేజీకి కూడా పంపలేదు. మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: బ్రదర్, మీకూ వందనాలు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక ఇలాంటి ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తుంది. ఒకరు బీటెక్ అంటారు, ఒకరు ఎంబీబీఎస్ అంటారు, మీరు నర్సింగ్ అన్నారు. పోల్చి చెప్పమన్నారు కదా, చెబుతాను. దానికి పెద్దగా సమయం పట్టదు. అంతకంటే ముందు మాట్లాడాల్సినది వేరే ఉంది.

నేనూ ప్రార్థన చేసుకునే ఇంట్లో పుట్టినదాన్నే. ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తలుపులు తీసి ఉన్నాయి, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంట్లో ఎవరూ లేరు. ముందు ఆదివారమే రాకడ గురించి ప్రసంగం విన్నాను. అందరూ ఎత్తబడ్డారు, నేను మిగిలిపోయాను అనుకున్నాను. ఏడుస్తూ పక్కింటి మామ్మగారి దగ్గరికి పరిగెత్తాను. మా సంఘంలో అందరికంటే భక్తిపరురాలు ఆవిడే. ఆవిడ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఉంది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. అమ్మ కిరోసిన్ కోసం రేషన్ షాపుకి వెళ్లిందట. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు గుండె దడగా ఉండేది.

ఇది ఎందుకు చెప్పానంటే, మీ ఉత్తరంలో మీ మాట ఉంది, మీ బావమరిది మాట ఉంది, అమ్మాయి మాట ఒక్క వాక్యమే ఉంది. ఆ రెండు వారాలు ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ పిల్ల ఏమనుకుందో అడిగారా? ఆ తేదీ దాటాక సెప్టెంబరు 25 పొద్దున్న లేచి, మామూలుగా బస్సెక్కి కాలేజీకి వెళ్లి, ఇన్ని రోజులు ఎందుకు రాలేదంటే ఏం చెప్పుకుందో కనుక్కున్నారా? ముందు ఈ సంగతి అడగండి. కోర్సు సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు శ్రమలకు ముందా, తర్వాతా అనే విషయానికి వద్దాం. ఎత్తబడటాన్ని ఇంగ్లీషులో రప్చర్ అంటారు, ఆ మాట మన తెలుగు బైబిల్లో లేదు. మొదటి థెస్సలొనీకయ పత్రిక నాలుగో అధ్యాయం పదిహేడో వచనంలో ‘కొనిపోబడుదుము’ అని ఉంది. అదే చోట లాటిన్ బైబిల్లో ఉన్న మాట నుంచి రప్చర్ వచ్చింది. బైబిల్లో దానియేలు ప్రవక్త చెప్పిన డెబ్బైయవ వారాన్ని ఏడేళ్ల శ్రమలకాలంగా లెక్కపెట్టి, దానికి ముందా, సగంలో మూడున్నరేళ్లకా, చివరా అని వాదన. శ్రమలకు ముందే అనే బోధను 1830ల నుంచి గట్టిగా వ్యాపింపజేసినవాడు బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసంలోని జాన్ నెల్సన్ డార్బీ. ఈ బోధ ప్రకారం వివరణలు రాసి 1909లో వేసిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్‌తో అది ఇంకా చాలా ఇళ్లకు చేరింది. మీ గోదావరి డెల్టాకి ఇది దూరపు చుట్టమేమీ కాదు. నర్సాపురం ప్రాంతంలో సేవ చేసిన బౌడెన్, బీర్ గార్లు 1836లో ఆ బ్రదరెన్ వాళ్లలోనుంచే వచ్చారు.

అయితే ఆ బ్రదరెన్ సహవాసంలోనే అందరూ ఒక్క మాట మీద లేరు. ఇంగ్లండులోని ప్లిమత్‌లో బెంజమిన్ న్యూటన్, సంఘం శ్రమల గుండా వెళ్లాల్సిందేనని బోధించాడు. డార్బీకీ ఆయనకీ మధ్య పెద్ద గొడవ జరిగి 1840ల్లో సహవాసమే చీలిపోయింది. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం ఐదు పెద్ద ఇళ్లు కట్టిన జార్జ్ ముల్లర్ కూడా, ధర్మవిరోధి, అంటే క్రీస్తుకు ఎదురు నిలిచేవాడు, బయటపడకముందు ప్రభువు రాడని నమ్మినవాడే. రెండు వేల మంది పిల్లలు ఆయన పోషణలో ఉండేవారు. వాళ్లకి అక్షరాలు నేర్పించి, మగపిల్లల్ని చేతిపనుల్లో చేర్పించి, ఆడపిల్లలకు పని చూపించి పంపేవాడు. ప్రభువు రాకడ కోసం అంతగా కనిపెట్టిన మనిషి, పిల్లల చేతికి పని నేర్పకుండా ఒక్కర్ని కూడా బయటికి పంపాలనుకోలేదు.

మీ నమ్మకాన్నే తీసుకుందాం. శ్రమలకు ముందు అనే బోధలో అసలు మాట ఏమిటి? ఏ గుర్తూ అవసరం లేకుండా ఏ క్షణమైనా రావచ్చు అని కదా. అలాంటప్పుడు ఫలానా తేదీన అని ఎవరైనా చెబితే, అది మీ నమ్మకానికే విరుద్ధం. ఏ క్షణమైనా అంటే ఈ రాత్రి కావచ్చు, మీ మనవరాలి పెళ్లయ్యాక కావచ్చు. ఇప్పుడు మీ బావమరిది నమ్మకం తీసుకోండి. శ్రమల తర్వాతే అయితే ఇంకా ఏడేళ్లు తక్కువ కాకుండా ఉన్నట్టే. నాలుగేళ్ల కోర్సు పూర్తయి, రిజిస్ట్రేషన్ కూడా వస్తుంది. ఆ శ్రమల్లో మనుషులకి గాయాలవుతాయి, జబ్బులు చేస్తాయి. అప్పుడు సెలైన్ పెట్టగల మనిషి, కట్టు కట్టగల మనిషి మీ ఇంట్లో ఉండటం మంచిదా, లేకపోవటం మంచిదా? మీరిద్దరూ వాదించుకుంటున్నది ఒకటి, ఆ పిల్ల నర్సింగ్ చదవటం మరొకటి. ఈ రెండింటికీ ముడి పెట్టింది మీరే.

తేదీలు నమ్మి బతుకులు తారుమారు చేసుకున్నవాళ్లు మీరొక్కరే కాదు. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనుచరుల్లో కొందరు పొలంలో పంట కోయకుండా వదిలేశారు. 1992 అక్టోబరు 28న అని దక్షిణ కొరియాలో ఒక సంఘం ప్రకటిస్తే, జనం ఉద్యోగాలు మానేశారు, పిల్లలు బడి మానేశారు. ఆ బోధకుడి దగ్గర మాత్రం ఆ తేదీ దాటాక మెచ్యూర్ అయ్యే బాండ్లు దొరికాయి. హెరాల్డ్ క్యాంపింగ్ అనే ఆయన రేడియోలో 2011 మే 21 అన్నాడు, జరగకపోతే అక్టోబరు 21 అన్నాడు, మరుసటి ఏడాది తప్పయిందని ఒప్పుకున్నాడు. ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. లెక్కలు రానివాళ్లే ఇలా పొరబడతారనుకోకండి. ఇక 2025 సెప్టెంబరు 23, 24 అన్నది దక్షిణాఫ్రికాలో ఒకాయన తనకు వచ్చిందని చెప్పిన దర్శనం. యూదుల బూరల పండుగ రోజులు కలిసేసరికి ఫోన్లలో ప్రపంచమంతా తిరిగింది, మీ ఊరిదాకా వచ్చింది.

బ్రదర్, కాస్త కఠినంగా అంటున్నాను, మన్నించండి. ఆ రెండు వారాలూ మీరు పొలానికి వెళ్లారా లేదా? అంగట్లో బాకీలు వసూలు చేసుకున్నారా లేదా? ఉత్తరంలో మీ పని ఆగిందని రాయలేదు, అమ్మాయి చదువు ఆగిందనే రాశారు. ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. విశ్వాసం పేరు చెప్పి ముందుగా ఆపేది ఆడపిల్ల చదువే. కొడుకు బీటెక్ ఫీజు కట్టేటప్పుడు రాకడ గుర్తుకు రాదు. ఇది మీ ఇంటి సంగతి కాకపోతే నాకు సంతోషమే.

ఇక పోలిక. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు. ఏడాది మిగులుతుందని మీ బావమరిది లెక్క. కానీ జీఎన్ఎం చేసిన అమ్మాయి తర్వాత డిగ్రీ కావాలనుకుంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్లు చదవాలి, అంటే మొత్తం ఐదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి జీఎన్ఎం వాళ్లని ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. డబ్బు నిజంగా అందకపోతే జీఎన్ఎం తప్పు కాదు, అలా మొదలుపెట్టి బాగా స్థిరపడిన అమ్మాయిలు నాకు తెలుసు. రాకడ త్వరగా వస్తుందని మాత్రం జీఎన్ఎం ఎంచుకోకండి. ఏ కాలేజీ అయినా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, సొంత ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో, పిల్లల్ని నిజంగా వార్డుల్లోకి పంపుతారో లేదో మీరే వెళ్లి చూడండి.

ఏడాది బైబిల్ ట్రైనింగ్ గురించి ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఈమధ్య మన పిల్లల్లో ఇది బాగా పెరిగింది. ఇంటర్ అవగానే ఒక సర్టిఫికెట్, ఒక మైకు, ఒక యూట్యూబ్ ఛానల్. ప్రవచనాల మీద వీడియోలు పెడితే చూసేవాళ్లు ఎక్కువ. తేదీ చెబితే ఇంకా ఎక్కువ. పద్దెనిమిదేళ్ల పిల్ల రోజూ బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం మీద మాట్లాడాలంటే ఏదో ఒక కొత్త సంగతి చెప్పాలి. యుద్ధం వస్తే ఒక వీడియో, గ్రహణం పడితే ఒక వీడియో. అలా మొదలుపెట్టిన పిల్లలు ఇరవై ఐదేళ్లకి నా దగ్గరికి వచ్చి, ‘ఇప్పుడు డిగ్రీలో చేరొచ్చా మేడమ్’ అని అడుగుతారు. వాళ్లలో కొందరికి దేవుని మీద నమ్మకం కూడా సడలిపోయి ఉంటుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

సేవ వద్దని నేను అనను. దైవశాస్త్రం నిజమైన చదువు. బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలు ఇచ్చే హక్కు వచ్చింది. సెరంపూర్ సెనేట్ కింద ఉన్న కాలేజీల్లో బీడీ అనే దైవశాస్త్ర డిగ్రీ చదవాలంటే ఏళ్లు పడుతుంది. హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర అన్నీ ఉంటాయి.  మీరు చెప్పిన ఏడాది ట్రైనింగ్ ఎవరి గుర్తింపుతో నడుస్తోందో కాగితం చూపించమనండి. ఆ సర్టిఫికెట్‌తో తర్వాత ఏ యూనివర్సిటీలో చేరవచ్చో రాసివ్వమనండి. జవాబు తేలకపోతే డబ్బు కట్టకండి. మీ అమ్మాయికి నిజంగా సేవ పిలుపు ఉంటే నర్సింగ్ తర్వాత కూడా ఉంటుంది. అమెరికా లూథరన్ సంఘం నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ముందు డాక్టరు చదువు పూర్తి చేసుకునే వచ్చింది. 1898లో ఆడవాళ్ల కోసం అక్కడ ఆసుపత్రి తెరిచింది. ఒంగోలులో మిషనరీగా ఉన్న క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. ఆయనకి సర్వే పని తెలుసు కాబట్టే అది సాధ్యమైంది.

లోన్ విశ్వాసం లేనట్టా అన్నారు. కాదు. ఎడ్యుకేషన్ లోన్ కోర్సు అయ్యాక మామూలుగా ఏడాది గడువిచ్చి వాయిదాలు మొదలుపెడతారు. ఉద్యోగం చేసి తీర్చే ఉద్దేశంతో తీసుకుంటే అందులో పాపం లేదు. ఎలాగూ ఎత్తబడతాం, ఎవరు తీర్చాలి అని తీసుకుంటే మాత్రం అది పాపమే. అలా అనేవాళ్లని కూడా నేను చూశాను. ఎంత తక్కువ లోన్‌తో సరిపోతుందో, ఏ స్కాలర్‌షిప్ వస్తుందో ముందు చూడండి.

థెస్సలొనీకయ పత్రికలు రాసిన పౌలు సంగతి కూడా గుర్తు చేసుకోండి. మనం మేఘాల మీద కొనిపోబడతామని చెప్పిన అదే నాలుగో అధ్యాయంలో, కొద్ది వచనాల ముందు, మీ చేతులతో పని చేసుకోండి అని రాశాడు. ప్రభువు దినం వచ్చేసిందని థెస్సలొనీకలో కొందరు కంగారుపడి, కొందరు పని మానేసి తిరుగుతుంటే రెండో పత్రిక రాసి మందలించాడు. తాను డేరాలు కుట్టి తిన్న మనిషి.

మీరు రాయని భయం ఒకటి ఉందని నాకు అనిపిస్తోంది. అమ్మాయి హాస్టల్లో ఉండగా రాకడ బూర మోగితే? మనమంతా వెళ్లిపోయి ఆ పిల్ల ఒక్కతే మిగిలిపోతే? ఇంట్లో కళ్ల ముందు ఉంటే విశ్వాసంలో ఉంటుంది, బయటికి వెళితే జారిపోతుంది అని మీ టెన్షన్. తండ్రికి ఆ భయం ఉండటం సహజం. కానీ మీ పిల్లని పట్టుకునేది మీ ఇంటి గోడలు అనుకుంటున్నారా? చిన్నప్పుడు నేను ఆ మామ్మగారిని చూసి ఊపిరి పీల్చుకున్నాను, దేవుణ్ణి తలుచుకుని కాదు. ఆ తేడా నాకు తెలియటానికి చాలా ఏళ్లు పట్టింది. మీ అమ్మాయికి అంతకాలం పట్టనివ్వకండి.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. హాస్టల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న సంఘంలో ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని రండి. నర్సింగ్ పిల్లలకి ఆదివారం పొద్దున్న డ్యూటీలు పడతాయి, అందుకని సాయంత్రం ఆరాధన కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోండి.