జాజ్ గిటారుతో బతకగలడా?

ప్రశ్న: మాది బరంపురం. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్ నుంచీ గిటారు వాయిస్తున్నాడు. ఈ మధ్య విశాఖలో ఒక జాజ్ గిటారిస్టు నిర్వహించిన రెండు రోజుల శిక్షణ శిబిరానికి, అంటే మ్యూజిక్ క్లినిక్‌కు వెళ్ళివచ్చాడు. అప్పటినుంచి డిగ్రీ మానేసి జాజ్ నేర్చుకుంటానని ఒకటే పట్టు. దీంతో బతుకు గడుస్తుందా? – ఒక తల్లి

జవాబు: గడుస్తుందమ్మా. కాకపోతే అబ్బాయి ఊహించుకుంటున్నట్టు కాదు. కేవలం కచేరీలతో ఇల్లు నడిపే జాజ్ గిటారిస్టులు మన దేశంలో అరుదు. చాలామందికి పాఠాలే ఆధారం. ఆ తర్వాతే రికార్డింగులు, హోటళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు. 2016లో కన్నుమూసిన కార్ల్‌టన్ కిట్టో కోల్‌కతాలో దశాబ్దాలపాటు బీబాప్ అనే వేగమైన జాజ్ శైలిలో గిటారు వాయించారు, శిష్యులకు పాఠాలూ చెప్పారు. అమెరికాలో వెస్ మాంట్‌గోమరీ అంతటి జాజ్ గిటారిస్టు కూడా పేరు రాకముందు పగలు ఫ్యాక్టరీలో పనిచేసి, రాత్రి క్లబ్బుల్లో వాయించాడు.

అందుకే డిగ్రీ మానవద్దు. చేతికి అందబోతున్న బీకాంను వదిలేసినంత మాత్రాన వేళ్ళు చురుకవవు. రోజుకు మూడు గంటల సాధనకు కాలేజీ అడ్డు రాదు. ఈ మాట అబ్బాయికి రుచించదని నాకు తెలుసు.

క్లినిక్‌లో ఏం నేర్చుకున్నాడో మీ ఎదుట కూర్చుని చెప్పమనండి. ఉదాహరణకు డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మూడు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, వరుసగా వస్తాయి. మొదటి దానిలోని ఎఫ్, సి స్వరాల్లో ఎఫ్ అక్కడే ఉండగా సి అర స్వరం దిగి బి అవుతుంది. మూడో కార్డుకు బి నిలిచిపోతుంది, ఎఫ్ దిగి ఇ అవుతుంది. ఈ కదలికను పన్నెండు శ్రుతుల్లోనూ తడుముకోకుండా వాయించాలి. సంగీతం రాని మీకూ ఆ రెండు స్వరాలు దిగడం వినిపించేలా చెప్పాలి. అది చేయగలిగితే అతనిలో గురువు ఉన్నట్టే. వేగం చూసి మాత్రం మురిసిపోకండి, వేగం చాలామందికి ఉంటుంది.

ఇక బోధన ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఇంటి చుట్టుపక్కల నలుగురు పిల్లలు చాలు. జాజ్ నేర్పమని అడిగి వచ్చే తల్లిదండ్రులు మీ ఊళ్ళోనే కాదు, ఎక్కడైనా తక్కువే. ట్రినిటీ, రాక్‌స్కూల్ సంస్థల సంగీత గ్రేడ్ పరీక్షలకు తయారుచేయమని అడిగేవారే ఎక్కువ. కాబట్టి ముందు తాను ఆ గ్రేడ్లు ఎనిమిదీ పూర్తి చేయాలి, స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి చూసి వాయించడం రావాలి. వెస్‌కు అది రాకపోయినా చెల్లింది, మీవాడికి చెల్లదు. తెలుగులోనూ ఒడియాలోనూ పాఠం చెప్పగలిగితే బరంపురంలో పిల్లలకు కొదవ ఉండదు.

డిగ్రీ అయ్యాక చెన్నై చూడండి, మీ ఊరు హౌరా–చెన్నై లైను మీదే ఉంది కదా. ఏ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అక్కడే ఉంది. బోస్టన్‌లోని బర్క్‌లీ జాజ్‌కు పేరున్న కాలేజీయే. అయితే పెద్ద స్కాలర్‌షిప్ లేకుండా, పొలం అమ్మి పంపే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

త్వరలోనే బోలు పొట్ట ఉన్న ఖరీదైన జాజ్ గిటారు కొనిపెట్టమంటాడు. ఉన్న ఎలక్ట్రిక్ గిటారుకే కాస్త లావు తీగలు వేసి, టోన్ తగ్గించుకుంటే నేర్చుకోవడానికి చాలు. కొత్తది ట్యూషన్ ఫీజులతో తనే కొనుక్కోమనండి.