నదిని మనిషి మారిస్తే చేప కూడా మారుతుందా?

ఆనకట్టలు, కాలుష్యం వల్ల నది మారినప్పుడు చేపలు కొద్ది దశాబ్దాల్లోనే పరిణామం చెందగలవా అని అడిగారు. శ్రీకాళహస్తి దగ్గర చెరువులోని పరక చేపలకూ స్వర్ణముఖి నదిలోని పరకలకూ వీపు ఎత్తులో మీకు కనిపించిన తేడా అదేనా అన్నది మీ రెండో ప్రశ్న. మొదటిదానికి జవాబు అవును. రెండోదానికి అంత త్వరగా అవునని చెప్పకూడదు.

నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. కల్యాణి డ్యాం నిల్వనీటి పరకలనూ, వానల తర్వాత ఏటి పారుదలలో పట్టిన పరకలనూ ఒకే ట్రేలో పక్కపక్కన పెడితే, డ్యాం చేపల వీపు ఎత్తుగా, ఒళ్లు వెడల్పుగా కనిపిస్తుంది. విద్యార్థులు వెంటనే పరిణామం అంటారు. కానీ తిండికి కొదవ లేకుండా, ఎదురీదే శ్రమ లేకుండా పెరిగిన చేప ఒక్క తరంలోనే అలా తయారు కాగలదు కనుక, రూపం ఒక్కటే నాకు సాక్ష్యంగా చాలదు.

జన్యువులోనే సాక్ష్యం దొరికిన ఉదాహరణ అమెరికాలోని హడ్సన్ నదిది. 1947 నుంచి 1976 వరకు అక్కడి రెండు కర్మాగారాలు పీసీబీలనే విషరసాయనాలను నదిలోకి వదిలాయి. అయినా టామ్‌కాడ్ అనే చేప ఆ విషాన్ని ఒంట్లో మోస్తూనే బతుకుతోంది. (ఇది నదిలో గుడ్లు పెట్టి ఉప్పునీటికీ తిరిగే చేప, పూర్తిగా మంచినీటిది కాదు.) 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం, దాని ఏహెచ్ఆర్2 అనే జన్యువులో ఆరు డీఎన్ఏ అక్షరాలు లోపించి, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో రెండు అమైనో ఆమ్లాలు తగ్గినందువల్ల పీసీబీలు ఆ ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కోలేవు, అందుకే వాటి విషం అంతగా పనిచేయదు. జన్యువు తాలూకు ఈ రూపం కాలుష్యానికి ముందే అరుదుగా ఉండేదని పరిశోధకుల అభిప్రాయం. విషం మిగతావాటిని ఏరివేయగా, నేడు హడ్సన్ టామ్‌కాడ్‌లలో దాదాపు అన్నిటిలోనూ అదే ఉంది.

ఆనకట్టల విషయంలో అమెరికాలోనే కనెక్టికట్ రాష్ట్రపు ఏల్‌వైఫ్ చేపలను చెప్పుకోవాలి. వలస పాలన కాలంలో ఆనకట్టలతో సముద్రపు దారి మూసుకుపోయి చెరువుల్లో చిక్కినవి, పెద్ద జంతుప్లవకాలను (నీటిలో తేలే చిన్న జీవులను) తినేసి చిన్నవాటిపై ఆధారపడవలసి రాగా, తరాలు గడిచేసరికి వాటి నోరు చిన్నదైంది, మొప్పల జల్లెడ ముళ్ల మధ్య సందు ఇరుకైంది.

అయితే ఇలా మారడానికి ముందు బతికి పిల్లలను కనే చేపలు ఎక్కువగా మిగలాలి. స్వర్ణముఖిలో వేసవి మడుగులు కుంచించుకుపోయినప్పుడు పరకలు తెల్లగా తేలిపోతుంటే, కొర్రమీను మాత్రం మూతి పైకెత్తి గాలి గుటక వేసి మళ్లీ బురదలోకి దిగిపోవడం చూస్తుంటాను. ఆ గాలి పీల్చే శక్తి మన కాలపు పరిణామం కాదు, ఎన్నడో సంక్రమించినది. ఇసుక తవ్వి, మడుగులు చెరిపేసి మనం తెచ్చిన మార్పుకు తగ్గట్టు పరకలు మారేందుకు వ్యవధి ఎక్కడుంది? ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

మీ చెరువు సంగతి తేలాలంటే, రెండు చోట్ల పరకల పిల్లలను ఒకేలాంటి తొట్లలో, ఒకే మేతతో, కదలని నీటిలో పెంచండి; వాటి పిల్లలను కూడా అలాగే పెంచండి. రెండో తరంలోనూ వీపు ఎత్తులో తేడా నిలిస్తే, అప్పుడు అది వంశపారంపర్యమని ధైర్యంగా అనవచ్చు.