సెలవు పెడితే జీతం కట్ అవుతుంది, స్కూల్లో ప్రతి ప్రోగ్రామ్‌కీ వెళ్లాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు విజయవాడ వన్ టౌన్‌లో బట్టల షాపులో చేస్తారు, మీ ఆయనది డెలివరీ పని. బాబు మున్సిపల్ స్కూల్లో రెండో తరగతి. సంక్రాంతి సంబరాలు, జనవరి 26, సైన్స్ డే, వార్షికోత్సవం అంటూ టీచర్ గ్రూపులో వరసగా పెట్టేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది, వెళ్లకపోతే పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు, ఏం చెయ్యమంటారు అని అడిగారు.

అన్నిటికీ వెళ్లనక్కర్లేదు. కానీ వస్తానని పిల్లాడికి మాట ఇచ్చినదానికి మాత్రం ఎలాగైనా వెళ్లండి. ఈ మాట ఎందుకంటున్నానో ముందు చెప్తాను.

మా పాప ఒకటో తరగతి ఒక ప్రైవేటు స్కూల్లో చదివింది. 2024 ఫిబ్రవరిలో వాళ్ల యానివర్సరీ. సాయంత్రం ఆరింటికి పాప డాన్స్. నాది ఆటోనగర్‌లో లారీలకు కమాన్ కట్టలు, అంటే కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలు వేసే పని. ఆ రోజు ఒడిశా వెళ్లాల్సిన లోడు లారీ ఒకటి ఆగిపోయింది, డ్రైవర్ బతిమాలుతున్నాడు. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందిలే అనుకుంటూ ఏడు దాకా అక్కడే ఉండిపోయాను. నేను వెళ్లేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. పాప బుగ్గలకి పూసిన రంగు అలాగే ఉంది. "నాన్నా, నువ్వెక్కడ కూర్చున్నావు? నాకు కనపడలేదు" అంది. వెనకాల కూర్చున్నాను తల్లీ అన్నాను. నమ్మింది. ఆ అబద్ధం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత వాళ్లమ్మ చెప్పింది, డాన్స్ చేస్తున్నంతసేపూ పాప కళ్లు జనంలోనే తిరిగాయట. స్టెప్పులు కూడా తప్పిందట. రాలేనని ముందే చెప్పి ఉంటే అలా వెతికేది కాదు కదా అని ఆ రాత్రంతా అనుకున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎవరు వస్తారో, ఎక్కడ కూర్చుంటారో ముందు రోజు రాత్రే పాపకి చెప్పేస్తాం. "రేపు అమ్మకి డ్యూటీ ఉంది, నాకు పని ఉంది. నాయనమ్మ వస్తుంది. పచ్చ చీర కట్టుకుంటుంది, గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చుంటుంది" అని. పాప స్టేజీ ఎక్కగానే వేపచెట్టు వైపు ఒకసారి చూస్తుంది, ఆ తర్వాత తన డాన్స్ తను చేసుకుంటుంది. మీరు ఏమి చేసినా చెయ్యకపోయినా ఇదొక్కటి చెయ్యండి, పైసా ఖర్చు లేదు.

ఇక జీతం సంగతి. చాలా కార్యక్రమాలు ఎప్పుడొస్తాయో మనకి ముందే తెలుసు. ఆగస్టు 15, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 5, నవంబర్ 14, రామానుజన్ పుట్టినరోజున డిసెంబర్ 22 గణిత దినోత్సవం, జనవరి 26, ఫిబ్రవరి 28. ఏ సంవత్సరమైనా ఇవి మారవు. జూన్ 12న బడి తెరిచిన వారంలో ఇంట్లో వాళ్లంతా కూర్చుని ఎవరు దేనికి వెళ్తారో పంచుకోండి. ఈ ఏడాదికి ఆలస్యమైనా, మిగిలిన మూడు నెలలకి ఈ ఆదివారమే పంచుకోవచ్చు. జెండా పండగలు పొద్దున్నే అయిపోతాయి కాబట్టి మీ షాపు తెరిచేలోపు వెళ్లి రావచ్చు, సెలవు అక్కర్లేదు. ఉన్న ఒకటి రెండు సెలవులూ పేరెంట్స్ మీటింగ్‌కి దాచుకోండి. డాన్సులు, ఆటలు చూడటం కన్నా నా మటుకు నాకు ఆ మీటింగే ముఖ్యం.

2024 జూన్‌లో పాపని మా దగ్గరున్న మున్సిపల్ స్కూల్లో రెండో తరగతిలో వేశాం. మేముండేది సింగ్‌నగర్ వైపు. ఆగస్టులో తల్లిదండ్రుల కమిటీ ఎన్నికలు జరిగాయి. నెల తిరక్కుండానే బుడమేరు వాగు పొంగింది. ఆ సెప్టెంబర్ మొదట్లో మా వీధుల్లో ఎంత నీళ్లు నిలిచాయో విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక బడికి వెళ్లి చూస్తే తరగతి గదుల్లో మడమలు దిగబడేంత బురద. కమిటీలో ఉన్న ఒక ఆవిడ ఇంటింటికీ తిరిగి పిలిచింది. పారలు, చీపుర్లు, బకెట్లు ఎవరివి వాళ్లు పట్టుకొచ్చారు. నా పక్కన బెంచీలు కడిగినతను ఏ పిల్లాడి తండ్రో ఆ రోజు నాకు తెలియదు. ఇప్పుడు నాకు కుదరనప్పుడు మా పాపని బడి నుంచి తీసుకొచ్చేది అతనే. మీరు ఊరికి కొత్త అన్నారు కదా, బడి గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు తల్లులతో పరిచయం పెంచుకోండి. మీరు వెళ్లలేని రోజు మీవాడి వీడియో తీసి పంపేది, జారిపోయిన టోపీ సర్దేది వాళ్లే.

ఆ ఏడాది డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకే రోజు ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. 2025లో జూలై 10న, డిసెంబర్ 5న మళ్లీ జరిగాయి. మొదటిసారి వెళ్లినప్పుడు తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగుడు పెట్టారు. పిల్లలతో పాటు కూర్చుని మధ్యాహ్న భోజనం చేశాం. జూలైలో తల్లి పేరు మీద మొక్క నాటించారు. మా ఆవిడ ప్రైవేటు హాస్పిటల్లో నర్సు, ఆ రోజు డ్యూటీ పడింది. మా అమ్మ వెళ్లి నాటింది. అది బతికిందో లేదో అని పాప రోజూ చూసి వస్తుంది.

సంబరం బాగానే ఉంటుంది గానీ, ఆ హడావిడిలో టీచర్‌తో అయిదు నిమిషాలు కూర్చోవడం మర్చిపోవద్దు. కూర్చున్నప్పుడు "ఎలా చదువుతోందండీ" అని అడగొద్దు. "పర్లేదండీ, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అంటారు, అక్కడితో అయిపోతుంది. నేను అడిగేవి వేరు. రోజులో ఏ టైములో బాగుంటుంది, ఏ టైములో డల్‌గా ఉంటుంది? ఎవరి పక్కన కూర్చుంటుంది? నా ముందు ఒక పేజీ చదివిస్తారా? మొదటి ప్రశ్నకే టీచరమ్మ ఆగి ఆలోచించింది. "మధ్యాహ్నం భోజనం అయ్యాక మాట్లాడదండీ. కదలదు కూడా. నిద్రేమో అనుకుంటున్నాను" అంది.

అది నిద్ర కాదు. ఇంటికొచ్చి మెల్లగా అడిగితే చెప్పింది, ఆడపిల్లల బాత్రూమ్‌కి లోపలి గడియ లేదట. పొద్దుట్నుంచి బిగబట్టుకుని ఉంటోంది. అందుకని నీళ్లు కూడా తాగట్లేదు. వాటర్ బాటిల్ నిండుగా వెనక్కి ఎందుకొస్తోందో మాకు అప్పుడు అర్థమైంది. మర్నాడు హెడ్మాస్టర్ గారిని అడిగి, అరవై రూపాయల గడియ, నాలుగు స్క్రూలు పట్టుకెళ్లి నేనే బిగించాను. పిల్ల చెయ్యి అందే ఎత్తులో బిగించాను, పాతది పెద్దవాళ్ల ఎత్తులో ఉండేది. వారం తిరిగేసరికి బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది. ఇంకా ఎంతమంది ఆడపిల్లలు అలా కూర్చున్నారో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

ఇలాంటివి చెప్పుకోవడానికే ఆ కమిటీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. మీ క్లాసు తరఫున ఎవరున్నారో కనుక్కుని వాళ్ల నంబర్ తీసుకోండి. ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లకి 15,000 రూపాయలు అంటే తల్లి ఖాతాలో 13,000 పడుతోంది, మిగతా 2,000 బడుల నిర్వహణకు పక్కన పెడుతున్నారు. బాత్రూములు, నీళ్లు ఎలా ఉన్నాయో అడిగే హక్కు మీకుంది. ఎవరి మీదా గొంతు పెంచక్కర్లేదు. "సార్, గడియ లేదు, ఎప్పుడు పెట్టిద్దాం" అంటే చాలు.

మీ అత్తగారు మీతోనే ఉంటారని, చదువు రాదు కాబట్టి బడికి రానంటారని రాశారు. మా అమ్మా అంతే. "నాకు సంతకం రాదు, ఆ టీచర్ల ముందు నేనేం మాట్లాడతాను" అనేది. 2025 సంక్రాంతి సెలవులిచ్చే ముందు రోజు బడిలో సంబరాలు. గొబ్బెమ్మలు పెట్టడం ఎవరికైనా వచ్చా అని టీచర్ గ్రూపులో అడిగింది. నేను అమ్మనడక్కుండా పేరు ఇచ్చేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారుజామున తనే లేచి, పాలు పోసే అతనింటి నుంచి పేడ తెచ్చి, గుమ్మడిపూలు దొరకలేదని బంతిపూలు కట్టుకుని తయారైంది.

బడిలో ముగ్గు మధ్యలో కూర్చుని గొబ్బెమ్మ చేస్తుంటే నలభై మంది పిల్లలు చుట్టూ మూగారు. మొదట ముక్కులు మూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కళ్లు చెయ్యి పెట్టారు. ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో చెరుకు బళ్లు వెళ్తుంటే వెనకాల పరిగెత్తి గెడలు లాక్కున్న సంగతి చెప్పింది. ఇంట్లో నాకెప్పుడూ చెప్పని కబురు అది. ఒకటో తరగతి పిల్లలకి రేగిపళ్లు, చిల్లర కలిపి భోగిపళ్లు పోసింది. వచ్చేటప్పుడు టీచరమ్మ వంగి కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆ రోజు నుంచి మా అమ్మని బడికి వెళ్లమని ఎవరూ చెప్పక్కర్లేదు. మీ అత్తగారిని "రండి" అనకుండా "అక్కడ మీ పని ఒకటి ఉంది" అని చెప్పి చూడండి. పని ఉందంటే పెద్దవాళ్లు వస్తారు.

నేనూ అలాగే ఒకసారి పనితో వెళ్లాను. ఫిబ్రవరి 28 సైన్స్ డే. 1928లో ఆ రోజున సి.వి. రామన్ తన ఆవిష్కరణని ప్రకటించారు, దానికి గుర్తుగా జరుపుతారు. మిగతా తల్లిదండ్రులు థర్మాకోల్‌తో అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు చేయించి పంపారు. చాలావరకు పెద్దవాళ్లు చేసినవేనని చూస్తేనే తెలుస్తుంది, దాని వల్ల పిల్లలకి ఏం వస్తుందో నాకు అర్థం కాదు. నేను షాపులోంచి ఆయిల్ జాకీ తీసుకెళ్లాను. హెడ్మాస్టర్ గారి కారు టైర్లకి అడ్డుగా రాళ్లు పెట్టి, పిల్లల్ని దూరంగా గీత బయట నిలబెట్టి, ఒక్కొక్కళ్లని నా పక్కకి పిలిచి పొడుగు కడ్డీతో పంప్ కొట్టించాను. రెండో తరగతి పిల్ల కొడుతుంటే కారు లేచింది. చిన్న గొట్టంలో నొక్కిన ఆయిల్ పెద్ద గొట్టంలోకి వెళ్లి ఎక్కువ బరువు ఎలా ఎత్తుతుందో నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. మా నాన్న పని ఇది అని పాప అందరికీ చెప్పుకుంది. మీకు బట్టల గురించి తెలుసు. నూలుకీ పాలిస్టర్‌కీ తేడా, చీర ఎన్ని గజాలుంటుంది, మీటరు కర్రతో ఎలా కొలుస్తారు, ఇవన్నీ రెండో తరగతి లెక్కలే. నాలుగు ముక్కలు పట్టుకుని వస్తానని టీచర్‌ని అడిగి చూడండి, కాదనరు.

ఫ్యాన్సీ డ్రెస్‌కి డబ్బు తగలెయ్యొద్దు. అద్దె షాపుల్లో ఒక్క పూటకి ఐదారు వందలు అడుగుతారు, అవి వంటికి గుచ్చుకుని పిల్లలు ఏడుస్తారు. కూరగాయలమ్మే మనిషి వేషం వేస్తే బుట్ట, తువ్వాలు చాలు.

మీవాడికి చదవడం మీద ఇష్టం ఉందన్నారు. జనవరి మొదటి రోజుల్లో మన ఊళ్లో పుస్తకాల పండగ జరుగుతుంది, 1989 నుంచి ఉంది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో పెట్టారు, 2025లో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది. సాయంత్రం షాపు నుంచి కాస్త ముందు బయటపడి బాబుని తీసుకెళ్లండి. చేతికి రెండు వందలిచ్చి తననే ఎంచుకోనివ్వండి. మా పాప మొదటిసారి గంటన్నర తిరిగి ముప్పై రూపాయల బొమ్మల కథ ఒకటే కొంది, మిగతా డబ్బులు వెనక్కిచ్చింది. ఆ పుస్తకం అట్ట ఊడిపోయింది గానీ ఇంకా మంచం మీదే ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్నవాటి సంగతి. సంక్రాంతికి మీ అత్తగారిని పంపండి. జనవరి 26 పొద్దున మీరు వెళ్లండి. సైన్స్ డేకి మీవారు రెండు ఆర్డర్ల మధ్య అరగంట ఆగగలిగితే చాలు. వార్షికోత్సవం తేదీ ఇంకా చెప్పలేదన్నారు కదా, రేపే టీచర్‌కి మెసేజ్ పెట్టి, "మేడమ్, తేదీ కొంచెం ముందు చెప్తే సెలవు అడుగుతాను, మావాడిది ఎన్నో ఐటమ్" అని అడగండి. ఐటమ్ నంబర్ తెలిస్తే పూట మొత్తం పోదు, గంట పర్మిషన్‌తో అయిపోతుంది. వెళ్లే ముందు రోజు రాత్రి ఏ చీర కట్టుకుంటారో, ఎక్కడ కూర్చుంటారో బాబుకి చెప్పడం మాత్రం మర్చిపోకండి.